తోడుగొంతు

ముందుచూపు కేంద్రానికి మొదట తెప్పించిన యంత్రం కాకినాడ మీద ఒక గట్టి అభిప్రాయం ఏర్పరచుకుంది. ఊళ్ళో సగం మందికి త్వరలో మతి చలించబోతోందని దాని నమ్మకం. మనిషి మాట్లాడుతుంటే ఒక వాక్యానికీ దాని వెనక వచ్చే వాక్యానికీ మధ్య ముడి ఎంత బిగువుగా ఉందో అది కొలుస్తుంది. చిత్తభ్రమ కమ్ముకొచ్చే ముందు, ఇంట్లోవాళ్ళకి కూడా అనుమానం రాని రోజుల్లోనే, ఆ ముడి కొద్దికొద్దిగా వదులవుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ యంత్రం మాట నేర్చుకున్నది ఒకరు చెబుతుంటే రెండోవారు నోరు మూసుకుని వినే ఏదో చల్లటి దేశంలో. జగన్నాథపురంలో చేప ధర అడిగితే జవాబు అత్తగారి మోకాలినొప్పి మీదుగా వస్తుంది. పరీక్ష కోసం కూర్చోబెట్టిన ఆరోగ్యవంతుల్లో చాలామందిని వెంటనే ఆస్పత్రిలో చేర్చమని అది సలహా ఇచ్చింది. వాళ్ళలో కేంద్రం గుమస్తా కూడా ఉన్నాడు. ఆయన దాన్ని తేలిగ్గా తీసుకోలేదు.

దాన్ని దారిలో పెట్టినవాడు శేషగిరి. భాషాశాస్త్రం చదివి కంప్యూటర్ల పాలైన మనిషి. అతని ఉపాయం చాలా చిన్నది. మనిషిని ఊరితో పోల్చవద్దు, ఇంటితో పోల్చాలి. ఒక ఇంట్లో పెరిగినవాళ్ళు కబుర్లలో ఒకేలా దారి తప్పుతారు, ఒకేలా తిరిగొస్తారు. అందుకని ప్రమాదంలో ఉన్నారనుకున్న పిల్లలతోపాటు ఇంట్లోంచి బాగున్న మనిషి ఒకరు రావాలి. ఆదివారం ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఒకే విషయం ఒకరి తరవాత ఒకరు చెప్పాలి. బాగున్న మనిషిది తోడుగొంతు. తెర మీద అది ఆకుపచ్చ గీత, ఎప్పుడూ మధ్యలో సమంగా పరుచుకుని ఉంటుంది. దాని పక్కన పిల్లవాడి నీలంగీత. రెండూ దగ్గరగా నడిస్తే ఇంటికి పంపేస్తారు, నీలంగీత దూరంగా జరిగితే డాక్టర్ హైమవతి పిలుస్తుంది.

కేంద్రం హైమవతిదే. పాతికేళ్ళు పెద్దాస్పత్రిలో పనిచేసి, రోగం ముదిరాక గొలుసులతో సహా తీసుకొచ్చిన మనుషుల్ని చూసి చూసి, ముదరకముందే చూడాలని ఉద్యోగం వదులుకుని ఉప్పుటేరు పక్కన పాత బియ్యం గోడౌన్‌లో దీన్ని పెట్టింది. పిల్లల్ని తీసుకురావడానికి జనం ఒప్పుకున్నారు గానీ, తోడుగొంతు దగ్గర ఆగిపోయారు. మమ్మల్ని కూడా తూస్తారా, ఇంట్లో ఇద్దరు అలాంటివాళ్ళని తేలితే మిగతా పిల్లకి పెళ్ళవుతుందా అని అడిగారు. హైమవతి ఆలోచించి మాటిచ్చింది. తోడుగా వచ్చినవారిని చేరేటప్పుడు ఒక్కసారి తను చూస్తుంది, ఆ తరవాత ఎవరూ పరీక్షించరు. వాళ్ళ మాట పోలిక అవగానే చెరిపేస్తారు. దయతో పెట్టిన నిబంధన అది. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు, శేషగిరితో సహా.

మల్లాడి లోవరాజు అక్కడికి వచ్చేసరికి పాలిటెక్నిక్‌లో సివిల్ రెండో ఏడు చదువుతున్నాడు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సుల వేళలు మైకులో చెబుతుంటే, అందులో తనకి సంబంధించిన కబురేదో ఉందని అతనికి అనిపించేది. అలాంటిదేమీ లేదని కూడా అనిపించేది. ఈ రెండింటి మధ్య నలిగి కాలేజీ మానేసి పడుకున్నాడు. అతన్ని లేపి తీసుకొచ్చింది అక్క నూకరత్నం. డిగ్రీ అయ్యి, ఒక కాన్వెంటులో చిన్నపిల్లలకి లెక్కలు చెబుతూ, తండ్రి పోయిన ఇంట్లో అజమాయిషీ అంతా తనదే అనుకునే మనిషి. తల్లి సత్యవతి కూడా వచ్చింది గానీ మేడ ఎక్కలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని కింద బెంచీ మీద కూర్చుంది. యంత్రం పైన ఉంది కదా, అంతదూరం తన మాట వినబడదని ఆవిడ ధైర్యం.

ఇంకా తన మీద తనకే అనుమానం మిగిలి ఉంది కాబట్టి పని సులువేనని హైమవతి రత్నంతో చెప్పింది. ఆ అనుమానం పోయి నమ్మకం కుదిరితేనే కష్టం. రత్నాన్ని కూడా ఓసారి కూర్చోబెట్టి చూసి, ఇంత నిబ్బరమైన తోడుగొంతు ఈ కేంద్రానికి ఇంతవరకూ రాలేదని శేషగిరికి చెప్పింది.

ఏ విషయం చెబుతారని శేషగిరి అడిగితే అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ చేపల పులుసు అన్నారు. ఆశ్చర్యం లేదు. సత్యవతికి ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ ఉంది. పండుగప్ప చేప దొరికిన రోజున ఆ వీధిలో స్కూటర్లు అడ్డదిడ్డంగా ఆగిపోతాయి. లోవరాజు మొదలుపెట్టాడు. చేప ముక్కల్ని ఉప్పూ పసుపూ వేసి కడగాలి అన్నాడో లేదో, రత్నం పక్కనించి అందుకుంది.

"ఒరే, ముందు చింతపండు నానబెట్టొద్దూ? ముక్కలు కడిగాక నానబెడతావా?"

అతను సరే చింతపండు అని మళ్ళీ మొదలెట్టాడు. బెండకాయలు ఎప్పుడు వేయాలో చెబుతుంటే మళ్ళీ అడ్డం పడింది. ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని తిప్పాలనేది కూడా ఆవిడే చెప్పింది. శేషగిరి లోపల కూర్చుని తల పట్టుకున్నాడు. ఒకరి మాటలో ఒకరు దూరితే లెక్క తప్పుతుంది. అందుకని మధ్యలో దూరిన మాటలన్నిటినీ చెత్తకింద ఏరి పారేసేలా యంత్రాన్ని సర్దాడు. అప్పటినించి తెర శుభ్రంగా కనబడింది.

ఆ తరవాత కొన్నాళ్ళు వాళ్ళకి మంచి రోజులు. వారం వారం హైమవతితో మాటలు, నిద్రకో చిన్న మాత్ర, కాలేజీ ప్రిన్సిపాల్‌కి ఒక ఫోను. మైకులో వినబడేది బస్సుల వేళలే అని లోవరాజు తనకు తానే తేల్చుకున్నాడు. నీలంగీత ఆకుపచ్చ గీత పక్కకి వచ్చి బుద్ధిగా నడిచింది. అతను మళ్ళీ డ్రాయింగ్ బోర్డు భుజాన వేసుకుని కాలేజీకి పోతుంటే సత్యవతి గుమ్మంలో నిలబడి చూసేది. ఆవిడ అంతకాలం దేవుళ్ళకి మొక్కిన మొక్కులన్నీ ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని తీర్చుకుంది.

రత్నానికి కేంద్రంలోనే ఉద్యోగమిచ్చారు. కొత్తగా వచ్చే కుటుంబాలకి ధైర్యం చెప్పడం, కాలేజీలకి వెళ్ళి ఇలా ఒక చోటు ఉందని చెప్పడం ఆవిడ పని. చాలా బాగా చేసేది. జ్వరం వస్తే ఒళ్ళు వేడెక్కినట్టే ఇదీ, మాట వదులైతే మనిషి తప్పేమీ కాదు, తొందరగా వస్తే తొందరగా తగ్గుతుంది అని ఆవిడ చెబుతుంటే వెనక బెంచీల వాళ్ళు కూడా వినేవారు. ఒక్కో కాలేజీ నించి ఒకరిద్దరు వెనకాలే వచ్చేవారు. వచ్చినవాళ్ళు చాలావరకు బాగుపడ్డారు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే తరవాత జరిగినదాన్ని పట్టుకుని ఆ కేంద్రమే దండగ అన్నవాళ్ళు ఊళ్ళో తక్కువేం లేరు.

తరవాత రత్నం పని ఇంకా ఎక్కువ చేయడం మొదలుపెట్టింది. తెల్లారకుండానే కేంద్రానికి వెళ్ళి తెరల ముందు కూర్చునేది. తిండి మీద ధ్యాస తగ్గింది. కొత్తగా వచ్చిన ఎవరో తల్లితో మాట్లాడుతూ మధ్యలో ఆగి, తెరకేసి చూసి, తలాడించి మళ్ళీ మాట్లాడేది. అంకితభావం అంటే అలా ఉండాలని హైమవతి సమావేశంలో అందరి ముందూ మెచ్చుకుంది. మనవాళ్ళకి మనిషి పనిలో పడి తిండీ నిద్రా మానేస్తే గౌరవం. అదే మనిషి పని లేకుండా మానేస్తే ఆస్పత్రికి ఆటో పిలుస్తారు.

నీలంగీత మళ్ళీ దూరంగా జరగడం మొదలెట్టింది అప్పుడే. మొదట ఒక వెంట్రుకవాసి, తరవాత కంటికి కనబడేంత. హైమవతి లోవరాజుని పిలిచి నిద్ర ఎలా ఉంది, మైకుల సంగతేమిటి అని అడిగింది. అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి ఒక మాటన్నాడు.

"మేడమ్, నాకు కాదండీ. మా అక్కే అదోలా ఉంటోంది. మా అక్కలా మాట్లాడట్లేదండి."

ఎలా తెలిసిందని ఆవిడ అడిగింది. తిట్టడం మానేసిందండి అన్నాడు. పోయిన ఆదివారం చింతపండు మర్చిపోయి నేరుగా చేప కడిగేశాను, ఏమీ అనలేదండి అన్నాడు.

దగ్గరివాళ్ళు మారిపోయారని, వాళ్ళలా ఉన్నవాళ్ళెవరో ఇంట్లో తిరుగుతున్నారని నమ్మడం హైమవతి చాలామందిలో చూసింది. అది పాతబడ్డ రోగంలో వచ్చే లక్షణం. తెర చూస్తే తెర కూడా అదే చెబుతోంది. ఆవిడ అతని భుజం తట్టి, కాస్త బలమైన మందు రాసింది. చెడ్డ డాక్టరైతే ఇంత నమ్మకంగా పొరపాటు చేసి ఉండేది కాదు.

లోవరాజు కూడా ఊరుకోలేదు. తన మీద తనకి అనుమానం ఉన్న కుర్రాడు కదా, నిజమో కాదో పరీక్షించి చూద్దామనుకున్నాడు. ఆ ఆదివారం కావాలనే చింతపండు ఊసెత్తలేదు. రత్నం పలకలేదు. తరవాతి వారం బెండకాయల బదులు బంగాళాదుంపలు వేశాడు. అప్పటికీ పలకలేదు. ఆ పై వారం చేప లేకుండానే చేపల పులుసు మొత్తం పొయ్యి మీంచి దింపేశాడు. ఆవిడ తెరకేసి చూస్తూ మెల్లగా తల ఊపింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. అద్దం అవతల తెర మీద నీలంగీత ఒక్కసారిగా కిందికి జారి, ఎన్నడూ లేనంత దూరం పోయింది. చేపలేని పులుసుకి ఆ యంత్రం వేసిన మార్కులు అవి. అక్కని పరీక్షించబోయి తన కేసు తనే పాడుచేసుకున్నాడు.

కొత్త మందుకి అతని చేతులు వణికేవి. సర్వే క్లాసులో గీత గీస్తే వంకర. స్నేహితుడు గీసి పెడతానంటే వద్దని, రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చింపుకున్నాడు. ఆ ఏడు పరీక్షలు రాయలేనని అప్పటికే అర్థమైంది. అయినా అతని భయం పరీక్షల గురించి కాదు. తన దగ్గర మొదట్లోనే ఆపిన ఆ జబ్బు అక్క దగ్గర ఎవరూ ఆపకుండా లోపలికి పోతోంది. ఆపగలిగినవాళ్ళు రోజూ ఆవిడ పక్కనే కూర్చుని టీ తాగుతున్నారు.

ఒక మధ్యాహ్నం కర్రీ పాయింట్‌లో కూరలు అయిపోవచ్చిన వేళ రత్నం పొట్లాలు కడుతోంది. పప్పుచారు అడిగిన ఆయనకి పొట్లం ఇచ్చి, మీ ఆవిడతో పైకి ఏమీ మాట్లాడవద్దని చెప్పండి, గీత వింటోంది అంది. ఆయన నవ్వి, సరేనమ్మా అని వెళ్ళిపోయాడు. లోవరాజు అక్క చేతిలోంచి దారపు ఉండ తీసుకుని పక్కన పెట్టాడు.

"అక్కా, ఏ గీత?"

"నాదేరా. ఆకుపచ్చది. అన్నీ కదులుతాయి గానీ అది కదలదు చూశావా? ఊరంతా దాని మీద ఆధారపడి ఉంది. నేను కాస్త పక్కకి చూశాననుకో, పిల్లలందరూ పడిపోతారు. అందుకే పడుకోవట్లేదు."

చాలా మామూలుగా చెప్పింది, బియ్యం నిండుకున్నాయని చెప్పినట్టు. లోవరాజు తల్లికేసి చూశాడు. సత్యవతి బాండీ తోముతోంది. ఆవిడకి అంతా వినబడింది. బాండీ ఎప్పుడో తళతళలాడినా ఇంకా తోముతూనే ఉంది. రత్నానికి కుదిరిన పిఠాపురం సంబంధం వాళ్ళు వచ్చే వారం మాట ఖాయం చేసుకుంటామన్నారు. పెళ్ళికొడుకు ఓడరేవులో క్రేన్ నడుపుతాడు, మంచివాడు. తమ్ముడి సంగతి తెలిసి కూడా, పిల్ల బంగారం అని ఒప్పుకున్నారు. ఒక్క పిల్లాడికి అలా ఉంటే ఎవరైనా జాలిపడతారు. ఇద్దరికీ ఉందంటే ఇల్లే అలాంటిదంటారు. ఉద్యోగంలో అలిసిపోయిందిరా, పెళ్ళయితే సర్దుకుంటుంది అని సత్యవతి కొడుకుతో అంది. చెబుతున్నప్పుడు అతని మొహం చూడలేదు.

లోవరాజుని కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంచాలని హైమవతి నిర్ణయించింది. పెద్దాస్పత్రికి, తను ఎవర్నీ పంపకూడదని ఉద్యోగం వదులుకున్న అదే వార్డుకి. చెప్పడానికి తల్లినీ కొడుకునీ సోమవారం పొద్దున రమ్మంది. సత్యవతి ఆ రోజు మొదటిసారి మేడ ఎక్కింది. రత్నం బయట వరండాలో కొత్తవాళ్ళతో ఉంది. శేషగిరి తెర మీద గీతలు చూపించి, ఇదిగో ఇక్కడ మొదలైందండీ, ఇక్కడ బాగా జారింది అని వివరించాడు. లోవరాజు చివరిదాకా విన్నాడు. మందు వల్ల అతని నాలుక మొద్దుబారి ఉంది. ఒక్కో మాటా వెతుక్కుని అడిగాడు.

"సార్, సామర్లకోట స్టేషన్లో మన రైలు కదిలిందనుకుంటామండి. తీరా చూస్తే కదిలింది పక్క రైలు. ప్లాట్‌ఫారం కేసి చూస్తేగానీ తెలీదు కదండి. మీ మిషన్‌కి ప్లాట్‌ఫారం ఏదండి?"

తోడుగొంతే ప్లాట్‌ఫారం అని చెప్పబోయి శేషగిరి ఆగిపోయాడు. ఆకుపచ్చ గీత సమంగా ఉంది నిజమే. అది సమంగా ఉందని యంత్రం కనిపెట్టలేదు. అలా గీయమని తనే చెప్పాడు. రెండు గొంతుల మధ్య దూరం ఎంతో యంత్రానికి తెలుసు, కదిలింది ఎవరో దానికి తెలియదు. రత్నం పాత మాటలు తీసి చూద్దామంటే అవి లేవు. మాటిచ్చిన ప్రకారం ఏ వారానికి ఆ వారం చెరిపేశారు. అతను తెర ఆపేసి, హైమవతికేసి తిరిగి, మూడో మనిషి కావాలండీ అన్నాడు. ఆ ఇంటిదే ఇంకో గొంతు, ఇద్దరినీ దాని పక్కన పెట్టి చూడాలి.

హైమవతి మాటిచ్చి నిలబెట్టుకునే మనిషి. తోడుగొంతును తూచబోమని ఊరందరికీ చెప్పింది, సత్యవతికి కూడా చెప్పింది. చివరికి కుర్చీ జరుపుకుని సత్యవతి ఎదురుగా కూర్చుంది. ఏమీ దాచలేదు. మీరు మాట్లాడితే మీ అబ్బాయి గీత సరిగ్గా ఉందని తేలొచ్చు, అప్పుడు అమ్మాయిది సరిగ్గా లేదని తేలుతుంది అని చెప్పింది. మీకు ఇష్టం లేకపోతే అడగను, కానీ అప్పుడు నాకు కనబడేదాన్ని బట్టి అబ్బాయిని పంపాల్సి వస్తుంది అని కూడా చెప్పింది.

ఒక్క నోటితో ఒకణ్ణి విడిపించి ఇంకొకదాన్ని పట్టించాలి. సత్యవతి ఆ కుర్చీలో కూర్చుని ఏం ఆలోచించిందో మనం చెప్పకూడదు. కొడుకు చేతులు బల్ల మీద ఉన్నాయి. వణకకుండా ఉండాలని ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆవిడ వాటినే చూస్తూ ఉండిపోయింది.

"తొందరగా చూపిస్తే తొందరగా తగ్గుద్దని మా అమ్మాయే చెప్తాదండి అందరికీ. నిజమేనాండి అది?"

నిజమేనని హైమవతి అంది.

"అయితే పిలవండి దాన్ని."

రత్నం వచ్చి ఎప్పటి కుర్చీలో కూర్చుంది. అమ్మ పైకెందుకొచ్చిందని కూడా అడగలేదు. సత్యవతి ముందు చెప్పింది. మైకుకి భయపడి మొదట గుసగుసగా మొదలెట్టినా, చింతపండు నానేసరికి గొంతు పెరిగింది. మధ్యలో చేపల్ని బెదరగొట్టే ఓడ ఇంజన్ల మీదికీ, పోయినాయన ఉప్పు ఎక్కువ తినడం మీదికీ, పండుగప్ప పేరు చెప్పి ఇంకేదో అంటగట్టేవాళ్ళ మీదికీ వెళ్ళి, గిన్నె దింపే వేళకి సరిగ్గా పొయ్యి దగ్గరికి వచ్చేసింది. చల్లటి దేశపు యంత్రమైతే ఆవిణ్ణి ఆ పూటే చేర్చుకునేది. తరవాత లోవరాజు. నాలుక మొద్దుబారినా అతను కూడా అదే దారిన వెళ్ళి అదే దారిన వచ్చాడు. ముక్కలు వేసి గరిటెతో ఒకసారి కలిపి అన్నాడు.

"గరిటేంటిరా? చేప ఏమైపోవాలి?" అని సత్యవతి కసిరింది. అతను నవ్వాడు. అలా నవ్వి చాలాకాలమైంది.

చివర రత్నం. చేపని కడగాలి అంది. కడిగిన నీళ్ళు ఉప్పుటేట్లోకి పోతాయి. ఏట్లో పడవలకి పేర్లు రాసి ఉంటాయి. పేరుంటే పిలుస్తారు, పిలిస్తే పలకాలి, అందుకే మూత పెట్టాలి అంది. మూత మీద ఆకుపచ్చ గీత ఉంటుంది, దాన్ని చూస్తూ ఉంటే ఉడుకుతుంది. గొంతు నెమ్మదిగా, స్పష్టంగా ఉంది. పదిమందికి ధైర్యం చెప్పే గొంతే అది. ఆవిడ చెబుతున్నంతసేపూ సత్యవతి ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. దిద్దడానికి అందులో పులుసు లేదు. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

శేషగిరి లోపలికి వెళ్ళి తెర చూసొచ్చాడు. తల్లి గీత పక్కన కొడుకు గీత ఉంది. కూతురిది చాలా దూరంలో ఉంది. అతను ఆ మాట చెప్పబోతుంటే హైమవతి చెయ్యెత్తి వద్దంది. ఆవిడ తెర చూడలేదు, ఆ తల్లిని చూసింది. తరవాత లోవరాజు దగ్గరికి వెళ్ళి, నువ్వు ఇన్నాళ్ళుగా చెబుతున్నది నిజం, నేను వినలేదు అంది. అతను ఫరవాలేదండి అన్నాడు. ఫరవాలేకపోవడం ఏమిటి, అతనికి ఒక ఏడు పోయింది.

రత్నం మొదట ఒప్పుకోలేదు. కుట్ర అంది, తెర మార్చేశారంది, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ మాట వినకపోయినా తమ్ముడు పెట్టిన అన్నం మాత్రం తింది. నీకెప్పుడైనా పొరపాటు పడ్డానని అనిపిస్తుందా అని హైమవతి మెల్లమెల్లగా అడిగింది. ఒక్కోసారి అనిపిస్తుంది అంది రత్నం, పడుకుని లేచినప్పుడు. ఆ మాట విని హైమవతి బయటికొచ్చి వరండాలో నిలబడి కళ్ళు తుడుచుకుంది. అనుమానానికి సందు ఇంకా మూసుకుపోలేదు. ఆస్పత్రి అక్కర్లేకుండా ఇంట్లోనే మందూ, నిద్రా, వారం వారం మాటలూ సరిపోతాయి.

పిఠాపురం వాళ్ళు మళ్ళీ ఫోను చేయలేదు. సత్యవతి కూడా చేయలేదు. కేంద్రంలో తోడుగొంతులందరినీ మళ్ళీ పిలిచి చూస్తామంటే, మాట తప్పారని కొన్ని కుటుంబాలు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాయి. వెళ్ళినవాళ్ళలో ఇంకా అవసరం ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకి హైమవతి తనే నడిచి వెళుతోంది. కొన్ని తలుపులు తెరుచుకుంటున్నాయి. శేషగిరి ఆకుపచ్చ గీతని తీసేశాడు. ఇప్పుడు ఏ గీతా మధ్యలో సమంగా ఉండదు. అన్నీ కదులుతుంటాయి, చూసేవాళ్ళు కాస్త కష్టపడాలి. చెత్తకింద పారేసిన మధ్యమాటల్ని కూడా తిరిగి తెచ్చి పెట్టాడు. ఎవరు ఎవరికి ఎక్కడ అడ్డం పడుతున్నారో, ఎక్కడ మానేశారో యంత్రం ఇప్పుడు వింటుంది.

వానలు తగ్గాక ఒక ఆదివారం లోవరాజు అక్కని తీసుకుని కేంద్రానికి వచ్చాడు. మందు తగ్గించాక అతని చేతుల వణుకు చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు. కొత్త పరీక్షలకి దరఖాస్తు పెట్టాడు. రత్నం కాస్త ఒళ్ళు చేసింది, మాట నెమ్మదించింది, చూపు తెర మీదికి పోవడం తగ్గింది. కుర్చీలు మారాయి. ఎప్పుడూ ఆవిడ కూర్చునే చోట ఇప్పుడు తమ్ముడు కూర్చున్నాడు. రత్నం మైకు సర్దుకుంటూ ఆ కుర్చీని చాలాసేపు చూసింది.

"ఇప్పుడు నువ్వా నాకు తోడుగొంతు?"

"ఆఁ."

"మళ్ళీ నీకేమన్నా అయితేనో? నీ సంగతి ఎవరు చెప్తార్రా?"

"నువ్వు చెప్పు. నువ్వు పక్కకి పోతే నేను చెప్తాను. నేను పక్కకి పోతే నువ్వు చెప్పు."

"నేనా?" అంది రత్నం.

శేషగిరి అద్దం అవతలి నించి మొదలుపెట్టమని సైగ చేశాడు. లోవరాజు గొంతు సవరించుకుని, ముందుగా పండుగప్ప ముక్కల్ని ఉప్పూ పసుపూ వేసి కడగాలి అన్నాడు. ఆగాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. రత్నం ఒళ్ళో చేతులు చూసుకుంటోంది. అతను రెండోసారి గొంతు సవరించుకున్నాడు. కడిగిన ముక్కల్ని పక్కన పెట్టుకుని పొయ్యి వెలిగించి అని మొదలుపెట్టేసరికి, ఆవిడ తల ఎత్తకుండానే, చాలా చిన్నగా అంది.

"ఒరే లోవా, ముందు చింతపండు."